వీరగల్లు కింది అర

సంగారెడ్డి నుంచి నర్సాపూర్ పోయే రోడ్డు మీద తెల్లారకముందే మనుషులుంటారు. టిఫిన్ డబ్బాలు పట్టుకుని కంపెనీ బస్సు కోసం నిలబడ్డవాళ్లు కొందరు, ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని ఉరికే పిల్లలు కొందరు. దౌల్తాబాద్ దాటి హత్నూర వైపు పోతుంటే ఒక బీడులో అలాంటి పిల్లల గుంపు కనిపించింది. బండి ఆపాను. వాళ్లు నేలలో ఒక గుంత తవ్వుకున్నారు. అడ్డం తొమ్మిదడుగులు, టేపు పెట్టి కొలిచారట. ఆర్మీ ర్యాలీలో 1600 మీటర్ల పరుగు, పుల్‌అప్స్‌తో పాటు తొమ్మిదడుగుల గుంత దూకడం కూడా ఒక పరీక్ష. పరుగు ఐదున్నర నిమిషాల్లో ముగిస్తే పూర్తి మార్కులు. గుంతకు మార్కులు లేవు. దూకాలి, అంతే.

"గీ గుంత దాటకపోతే ఎంత ఉరికినా ఫాయిదా లేదన్నా" అన్నాడు ఒకడు. ఇంకా మీసం సరిగ్గా రాలేదు వాడికి.

అక్కడ ఇద్దరికి కలిపి ఒకటే బూట్ల జత ఉంది. ఒకడు ఉరికొచ్చి లేసులు విప్పుతుంటే, రెండోవాడు ఒట్టికాళ్లతో పక్కన నిలబడి చూస్తున్నాడు. ఆ పిల్లల స్నేహం చూసి ముచ్చట పడాల్సింది. నాకు మాత్రం గుండె జల్లుమంది. అలా చేతులు మారే బూట్లను నేను అంతకుముందే ఒక నవల్లో చదివి ఉన్నాను.

ఆ నవల 1929 జనవరిలో జర్మనీలో పుస్తకంగా వచ్చింది. రాసినవాడు ఎరిక్ మారియా రెమార్క్. పద్దెనిమిదేళ్లకే సైన్యంలోకి లాక్కెళ్లారు అతణ్ని. 1917లో గాయపడి ఆసుపత్రి పాలయ్యాడు. 'ఆల్ క్వయెట్ ఆన్ ది వెస్టర్న్ ఫ్రంట్' అనే ఇంగ్లీషు పేరుతో మనకు తెలిసిన ఆ పుస్తకాన్ని 1933లో నాజీలు నడిబజార్లో తగలబెట్టారు. అందులో కెమెరిక్ అనే కుర్రాడికి మంచి తోలు బూట్లుంటాయి. కాలు తీసేశాక ఆసుపత్రి మంచం మీద వాడు చనిపోతాడు. బూట్లు ముల్లర్‌కు వస్తాయి. ముల్లర్ పోతూ కథ చెప్పే పాల్‌కు ఇచ్చిపోతాడు. తన తరవాత అవి జాడెన్‌కు అని పాల్ ముందే మాట ఇచ్చి ఉంటాడు. బూట్లు మాత్రం చెక్కుచెదరవు. చావుల లెక్కను ఆ నవల అంకెల్లో చెప్పదు, తోలు బూట్లతో చెబుతుంది.

మూడు అరల రాయి

తెలంగాణ పల్లెల్లో చెరువుకట్ట మీదో, పాత గుడి ముందరో, ఒక్కోసారి చేను గట్టునో వీరగల్లు నిలబడి ఉంటుంది. చాలా వీరగల్లుల మీద శిల్పి మూడు అరలు చెక్కుతాడు. కింది అరలో యుద్ధం: కత్తి ఎత్తిన మనిషి, గుర్రం, ఎదుట శత్రువు. నడిమి అరలో అప్సరసలు ఆ మనిషిని చెరో భుజం పట్టి పైకి తీసుకుపోతుంటారు. పై అరలో శివలింగం ముందు అతను కూర్చుని ఉంటాడు. కింది నుంచి పైకి చూస్తే ఒక చావు ఎలా పుణ్యమవుతుందో మూడు అడుగుల్లో తెలిసిపోతుంది. దీపం పెట్టే ఇల్లాలికి అదొక ఓదార్పు. ఆ ఓదార్పును నేను తక్కువ చేయను. కొడుకు పోయిన తల్లికి పై అర కావాలి.

రెమార్క్ తరం రచయితలు పై రెండు అరలనూ చెరిపేశారు. 1916లోనే ఫ్రెంచి రచయిత ఆన్రీ బార్బ్యుస్ 'నిప్పు' అనే అర్థం వచ్చే పేరున్న నవలతో ఆ పని మొదలుపెట్టాడు. వీళ్ల కథలన్నీ కింది అరలోనే ఉండిపోతాయి. అక్కడ బురద, ఎలుకలు, తడిసిన రొట్టె, పేలు, పక్కవాడి దగ్గు. కందకం కథకు తనదైన కట్టుబాట్లు పుట్టింది అక్కడే. దేశం పేరు చెప్పి పిల్లల్ని తరగతి గది నుంచి పటాలానికి పంపే మాస్టారు ఒకడుంటాడు. నిన్నటిదాకా ఊళ్లో చిన్న కొలువు చేసి, యూనిఫాం తొడగ్గానే పిల్లల్ని నేలమీద పొర్లించే హవల్దారు ఒకడు. తిండి ఎక్కడ దొరుకుతుందో వాసన పట్టి తెచ్చే పెద్దన్నలాంటివాడు ఒకడు. సెలవు మీద ఇంటికొచ్చి, ఇంటి మాటలు అర్థంకాక, మళ్లీ ఎప్పుడు పోదామా అనిపించే వారం రోజులు. చివర రెండు ముక్కల్లో చావు కబురు.

వందేళ్లుగా ఇవే తిరిగి తిరిగి రావడం చూసి ఇవి అరిగిపోయాయని కొందరంటారు. నేను ఒప్పుకోను. ఇందులో ప్రతి కట్టుబాటూ యుద్ధాన్ని పొగిడేవాడి నోట్లోంచి ఒక్కో మాట లాక్కుంటుంది. మాస్టారి పాత్ర 'దేశం' అనే మాటను, హవల్దారు 'క్రమశిక్షణ'ను, ఇంటి సెలవు 'గర్వా'న్ని. 2022లో రెమార్క్ నవలను జర్మన్లే మళ్లీ తీసిన సినిమాకు నాలుగు ఆస్కార్లు వచ్చాయి. అది చనిపోయిన సైనికుడి యూనిఫాంను ఉతికి, కుట్టి, కొత్త కుర్రాడికి ఇవ్వడంతో మొదలవుతుంది. బూట్ల కథకు అంతకంటే మంచి కొనసాగింపు నేను చూడలేదు. కానీ ఆ సినిమా ఇంటి సెలవు ఘట్టాన్ని వదిలేసింది. పాల్ చావును 1918 నవంబర్ 11న, యుద్ధం ఆగే ఆఖరి నిమిషాల్లోకి జరిపింది. నవల్లో పాల్ అక్టోబర్లో, ఏ విశేషమూ లేని ఒక రోజున పోతాడు. నవల చేసిందే సరైనదని నా అభిప్రాయం. గడియారం వంక చూస్తూ ఉత్కంఠతో ఎదురుచూసే చావు ఎంతో కొంత వీరగల్లు వైపే జరుగుతుంది.

మేము, మనం

నవల మొత్తం పాల్ 'నేను' అంటూ చెబుతాడు. ఆఖరి పేజీలో మాత్రం ఎవరో వచ్చి 'అతను' అంటారు. ఉత్తమ పురుష ప్రథమ పురుషగా మారిన చోటే ఆ కుర్రాడు చనిపోయాడు. ఆ మార్పు తెలుగులోకి సులువుగా వస్తుంది. అంతకంటే కష్టమైనది ఇంకొకటుంది. పాల్ చాలాసార్లు 'నేను' కూడా అనడు, బహువచనంలో మాట్లాడతాడు. జర్మన్‌లో, ఇంగ్లీషులో దానికి ఒకటే మాట. తెలుగులో రెండున్నాయి. 'మేము' అంటే వినేవాడు బయట. 'మనం' అంటే వినేవాడూ లోపలే.

ఆ పుస్తకం చదువుతూ వాక్యం వాక్యానికీ నేను మనసులో ఈ రెండింటి మధ్య ఎంచుకుంటూ పోయాను. బడి పిల్లలు కందకంలో తమ గురించి మనకు చెప్పేటప్పుడు 'మేము'. తమలో తాము రొట్టె పంచుకునేటప్పుడు 'మనం'. ఇంటికి సెలవు మీద వచ్చిన పాల్ తండ్రి స్నేహితుల ఎదుట కూర్చున్నప్పుడు 'మనం' అనే మాటే నోటికి రాదు. ఆ తరవాత ఒక రాత్రి పాల్ బాంబు తవ్విన గుంతలో దాక్కుంటాడు. లోపలికి పడ్డ ఫ్రెంచి సైనికుణ్ని భయంతో పొడుస్తాడు. ఆ మనిషి వెంటనే చావడు. గంటల తరబడి పక్కనే ఊపిరి తీస్తుంటాడు. పాల్ వాడికి బురదనీళ్లు తాగిస్తాడు, గాయం కడతాడు. జేబులోంచి కాగితాలు తీసి చూస్తే పేరు జెరార్ దువాల్, పని అచ్చాఫీసులో. భార్య, బిడ్డ ఫొటోలు. ఆ శవంతో పాల్ మాట్లాడే మాటల్ని తెలుగులో చెప్పుకుంటే ఒక్కటే సర్వనామం పనికొస్తుంది. అది 'మనం'. కందకం కథ మొత్తం ఆ ఒక్క మాట దగ్గరికి చేరడానికి చేసిన ప్రయాణంలా కనిపించింది నాకు.

దారి తెలియని పిల్లలు

ఇది పరాయి దేశపు సంగతి అనుకుంటే మన కథల్ని మనం సరిగ్గా వినలేదన్నమాట. భాగోతాలు, హరికథలు, బుర్రకథల నుంచి శోభన్‌బాబు అభిమన్యుడిగా నటించిన 1965 నాటి 'వీరాభిమన్యు' దాకా, పద్మవ్యూహం తెలియని తెలుగు ఇల్లు లేదు. పదహారేళ్ల పిల్లాడు. కురుక్షేత్రంలో పదమూడో రోజు. అర్జునుడు దూరంగా ఉన్నాడు. వ్యూహం ఛేదించాలని ధర్మరాజే అడుగుతాడు. లోపలికి పోవడం తెలుసు, బయటికి రావడం తెలియదని పిల్లాడు దాచకుండా చెబుతాడు. నువ్వు దారి చెయ్యి, నీ వెనకే వస్తామని పెద్దలు భరోసా ఇస్తారు. ఆ భరోసాను తెలుగులో ఎలా చెప్పినా 'మేము' అనే చెప్పాలి. వ్యూహం ముఖం దగ్గర సైంధవుడు అడ్డం పడతాడు. పెద్దలు బయటే ఉండిపోతారు.

రెమార్క్ మాస్టారు కాంటోరెక్ కంటే ధర్మరాజు మంచివాడు కదా అంటారేమో. మంచివాడు కాబట్టే ఆ ఘట్టం నన్ను ఎక్కువ బాధపెడుతుంది. ఆయనకు పిల్లాడంటే ప్రాణం. మాట కూడా మనసారా ఇచ్చాడు. అయినా లోపలికి పోయింది పిల్లాడే.

పల్నాటి బాలచంద్రుడిదీ దాదాపు అదే ఈడు. కొడుకును యుద్ధానికి దూరంగా ఉంచాలని తల్లి ఐతాంబ బొంగరాలాటకు పంపుతుంది. బొంగరం ఒక ఆడమనిషి కాలికి తగులుతుంది. ఆమె మాటతో పిల్లాడు కారెంపూడి రణరంగం దారి పడతాడు. దారిలో భార్య మాంచాల. వెంట వస్తానన్న ప్రాణస్నేహితుడు అనపోతును ఏదో నెపంతో వెనక్కి పంపేసి ముందుకు పోతాడు. మోసం తెలిసిన అనపోతు ప్రాణం తీసుకుంటాడు. స్నేహితుణ్ని బతికించాలని చేసిన పనే స్నేహితుణ్ని చంపింది. కందకం నవల రాసే ఏ రచయితైనా ఈ ఒక్క ఘట్టం కోసం పుస్తకమంతా రాస్తాడు. మనం మాత్రం కార్తీకంలో కారెంపూడిలో వీరుల కొణతాలకు మొక్కుతాం, బాలుడి పౌరుషానికి ఈలలు వేస్తాం. కథలో బొంగరం ఉంది, తల్లి భయం ఉంది, అనపోతు ఉన్నాడు. కథ చెప్పే గొంతు వాటి మీద ఎక్కువసేపు నిలవదు. పై అర పిలుస్తుంటుంది.

నిలిచిన చోటు ఒకటుంది. అది భారతంలో స్త్రీపర్వం.

పదమూడో శతాబ్దంలో తిక్కన తెలుగు చేసిన పదిహేను పర్వాల్లో చిన్నవాటిలో అదొకటి. యుద్ధం అయిపోయాక గాంధారి రణభూమిని చూస్తుంది. ఎవరి శవం ఎక్కడుందో, ఏ నక్క ఏం లాగుతోందో, ఏ కోడలు ఎవరిని వెతుకుతోందో కృష్ణుడికి చూపిస్తూ పోతుంది. వ్యాసుడి మూలంలో అభిమన్యుడి తలను ఒళ్లో పెట్టుకుని భార్య ఉత్తర కవచం విప్పుతుంది. గాయాలు చూస్తుంది. బతికున్నవాడితో మాట్లాడినట్టు మాట్లాడుతుంది. వాళ్లు కలిసున్నది ఆరు నెలలు, ఏడో నెలలో వాడు పోయాడు. అదే నేల మీద, ఇంకొంచెం దూరంలో దుస్సల తన భర్త తల ఎక్కడుందో వెతుక్కుంటూ పరుగులు పెడుతుంటుంది. ఆ భర్త సైంధవుడు. అభిమన్యుడికి తోడు రానివ్వకుండా వ్యూహం వాకిట అడ్డుపడ్డవాడు.

ఉత్తర, దుస్సల ఒకే చూపులో కనిపించే ఆ దృశ్యం ముందు జెరార్ దువాల్ గుంత నాకు కొత్తగా అనిపించలేదు. శత్రువు జేబులో ఫొటో చూపించే పనిని మనవాళ్లు ఏడెనిమిది వందల ఏళ్ల కిందటే తెలుగులో చేసి పెట్టారు. తేడా ఒక్కటే. అక్కడ మాట్లాడేది ఆడవాళ్లు. చనిపోయిన పిల్లాడు మాట్లాడడు. లోపల, వ్యూహంలో, రథచక్రం పట్టుకుని తిరుగుతున్న ఆ కాసేపు వాడికి ఏమనిపించిందో వాడి గొంతుతో మనం వినలేదు.

సిపాయికి మన పేరు, కథకు ఎవరి పేరు?

ఒకప్పుడు ఉత్తరాదిలో సిపాయిని 'తిలంగా' అనేవారు. ప్లాసీ నాటి రోజుల్లో ఈస్టిండియా కంపెనీ సైన్యంతో మద్రాసు వైపు నుంచి బెంగాల్ వెళ్లినవాళ్లలో తెలుగు నేల మనుషులు ఉండటంతో ఆ పేరు వచ్చింది. సికింద్రాబాద్‌ను ఇప్పటికీ 'లష్కర్' అంటాం, సైన్యమని అర్థం. లష్కర్ బోనాల వెనక కూడా ఒక పటాలం మనిషి కథే ఉంది. 1813లో గత్తర జనాన్ని ఊడ్చేస్తుంటే, ఉజ్జయినిలో ఉన్న సురిటి అప్పయ్య అక్కడి మహంకాళికి మొక్కుకున్నాడని, తిరిగొచ్చి ఇక్కడ అమ్మవారిని నిలబెట్టాడని చెప్పుకుంటారు. పటాలంలో మనిషి భయం మన దగ్గర నవల కాలేదు, మొక్కు అయింది.

పంతొమ్మిదో శతాబ్దం చివర లార్డ్ రాబర్ట్స్‌లాంటి సేనాపతులు 'యుద్ధ జాతులు' అనే సిద్ధాంతాన్ని తలకెత్తుకున్నారు. మద్రాసు పటాలాలు తగ్గాయి, పంజాబ్ వైపు భర్తీ పెరిగింది. మొదటి ప్రపంచ యుద్ధంలో 13 లక్షల మందికి పైగా భారతీయులు పనిచేస్తే దాదాపు 74 వేల మంది తిరిగి రాలేదు. అప్పుడు ఈ మెతుకుసీమ, అంటే మెదక్ వైపు నేల, నిజాం ఏలుబడిలో ఉంది. నిజాం పంపిన హైదరాబాద్ లాన్సర్లు సూయజ్ దగ్గర, పాలస్తీనాలో పనిచేశారు. ఢిల్లీ తీన్‌మూర్తి దగ్గర నిలబడ్డ మూడు విగ్రహాల్లో ఒకటి వాళ్లదే. ఫ్రాన్స్ కందకాల్లో కూర్చున్న మనవాళ్లలో మాత్రం ఎక్కువమంది ఉత్తరాది రైతుబిడ్డలు.

అందుకే మన దేశపు తొలి కందకం కథల్లో ఒకటి హిందీలో వచ్చింది. చంద్రధర్ శర్మ గులేరీ 'ఉస్‌నే కహా థా' 1915లో, యుద్ధం జరుగుతుండగానే అచ్చయింది. అమృత్‌సర్ బజారులో మొదలై ఫ్రాన్స్ బురదలో ముగుస్తుంది. కథానాయకుడు లహనా సింగ్ ప్రాణం పోతుంటే జ్ఞాపకాలు కళ్ల ముందు తిరుగుతాయి. ఆ తరవాత, కథ చివర, పేపర్లో వచ్చిన మృతుల జాబితాలోని ముక్క. రెమార్క్ తన ఆఖరి పేజీ రాయడానికి పదమూడు పద్నాలుగేళ్ల ముందు గులేరీ ఆ ముగింపు కనిపెట్టాడు. 1939లో ముల్క్‌రాజ్ ఆనంద్ 'ఎక్రాస్ ది బ్లాక్ వాటర్స్' రాశాడు. అందులో లాలూను కందకానికి పంపింది దేశభక్తి నూరిపోసిన మాస్టారు కాదు, పోగొట్టుకున్న పొలం. మన నేలలో కాంటోరెక్ పాత్రను చాలాసార్లు అప్పు పోషిస్తుంది.

ఫ్రాన్స్ కందకాల్లోని ఆ సిపాయిల ఉత్తరాల్ని సెన్సార్ అధికారులు విప్పి చదివేవారు. చదువు రానివాళ్లు పక్కవాడితో రాయించుకునేవారు. నిజం రాస్తే ఉత్తరం చేరదు. అందుకని కొందరు మిరియాల భాష కనిపెట్టారు. నల్లవి భారతీయ సైనికులు, ఎర్రవి తెల్ల సైనికులు. నల్లవి అయిపోతున్నాయి, ఇప్పుడు ఎర్రవి వస్తున్నాయి అన్నట్టు రాస్తే, ఇంట్లో అర్థం చేసుకోవాలి. కడుపులో ఉన్నది చెప్పలేని మనిషి వంటింటి దినుసుల్లో చెప్పుకున్న ఆ కష్టాన్ని తలుచుకుంటే కళ్లు తడుస్తాయి.

తెలుగులో ఈ ఉత్తరాన్ని అందుకున్నవాడు దేవరకొండ బాలగంగాధర తిలక్. ఆయన పోయాక 1968లో వచ్చిన 'అమృతం కురిసిన రాత్రి'లో 'సైనికుడి ఉత్తరం' ఉంది, 'తపాలా బంట్రోతు' కూడా ఉంది. ఒకటి పంపేవాడిది, ఇంకొకటి మోసేవాడిది. వ్యూహంలో ఉన్న మనిషికి గొంతు ఇచ్చిన మన కవితల్లో తిలక్ కవిత ముందు నాకు గుర్తుకొస్తుంది. స్త్రీపర్వంలో ఉత్తర మాట్లాడింది, ఇక్కడ అవతలి మనిషి జవాబు రాశాడు. సినిమాలో క్రిష్ 2015లో 'కంచె' తీసి, రెండో ప్రపంచ యుద్ధపు ముళ్లకంచెకూ మన ఊళ్లో కులం కంచెకూ ముడివేశాడు. ఆ ముడి నాకు నచ్చింది. కందకం పరాయి దేశంలో ఉన్నా దాన్ని తవ్విన పార ఊళ్లోదే అన్న ఎరుక అందులో ఉంది.

ఈ నేల మీద

హత్నూర మండలం 2016 వరకు మెదక్ జిల్లా, ఇప్పుడు సంగారెడ్డి. ఈ జిల్లా యుద్ధానికి దూరం కాదు. ఎద్దుమైలారం ఆయుధ కర్మాగారం 1984 నుంచి ఉంది. అక్కడ తయారయ్యే 'శరత్' యుద్ధ వాహనంలో ముగ్గురు నడిపేవాళ్లు, వెనక ఏడుగురు సైనికులు కూర్చుంటారు. పటాన్‌చెరు వైపు భానూరులో భారత్ డైనమిక్స్ ట్యాంకుల్ని ఛేదించే క్షిపణులు చేస్తుంది. మనిషిని మోసుకుపోయే ఇనుప పెట్టె, అలాంటి పెట్టెను చీల్చే బాణం, రెండూ ఈ జిల్లాలోనే పుడతాయి. 1948 సెప్టెంబర్లో భారత సైన్యం షోలాపూర్ నుంచి జహీరాబాద్ మీదుగా హైదరాబాద్ చేరిందీ ఈ వైపు నుంచే.

ఆ కర్మాగారాల మీద బతికే కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. వాళ్ల అన్నాన్ని నేను ప్రశ్నించను. సరిహద్దులో నిలబడేవాడు లేకపోతే ఏమవుతుందో కూడా నాకు తెలుసు. 2020 జూన్ 15 రాత్రి గల్వాన్‌లో చనిపోయిన 20 మందిలో సూర్యాపేట కర్నల్ సంతోష్‌బాబు ఉన్నారు. ఆ రోజు రాష్ట్రమంతా ఆయన ఇంటి వాకిట నిలబడింది. అలా నిలబడటం మన ధర్మం. నా బాధ ఆ తరవాతది. పూలమాలలు వాడిపోయాక, సైన్యంలోకి పోయే పిల్లాడి లోపలి గొంతును వినిపించే కథ మన దగ్గర ఎందుకు తక్కువ? తిరిగొచ్చిన జవాన్లు ఊరూరా ఉన్నారు. 'మిల్ట్రీ ఆయన' అని పిలుస్తాం. క్యాంటీన్ సామాను గురించి అడుగుతాం. మంచులో కాపలా కాసిన రాత్రి పక్కవాడు ఏం మాట్లాడాడో అడగం. అడిగితే చెప్పే మనుషులున్నారు. కందకం నవలలన్నీ అలా ఎవరో అడిగినందుకో, అడక్కపోతే ఉండబట్టలేకో పుట్టినవే.

2022 జూన్ 14న అగ్నిపథ్ పథకం ప్రకటించాక సైన్యంలో కొలువు నాలుగేళ్లకు కుదిరింది. ఆ తరవాత నూటికి పాతికమందికి మించి ఉంచుకోరు. మిగతావాళ్లు సుమారు 11.71 లక్షల సేవానిధితో ఇంటికి వస్తారు. మూడు రోజులకు, జూన్ 17న, సికింద్రాబాద్ రైల్వేస్టేషన్లో పిల్లల ఆగ్రహం రగిలి, పోలీసు కాల్పుల్లో ఒక కుర్రాడు చనిపోయాడు. సైన్యంలో చేరాలని ఏళ్ల తరబడి ఉరికినవాడు. వాడు ఏ వ్యూహంలోకీ పోలేదు. వాకిట్లోనే పోయాడు. ఆ పిల్లాడి కథను ఏ అరలో చెక్కాలి?

హత్నూర బీడులోని పిల్లల్ని ఎందుకు పోతున్నారని అడిగాను. ఒకడు ధైర్యంగా దేశం అన్నాడు. ఇంకొకడు, కంపెనీలో కాంట్రాక్టు మీద పన్నెండు గంటలు నిలబడే నాన్న గురించి చెప్పాడు. "మా బాపు మోకాళ్లు పోయినయన్నా. నేను గూడ గదే లైన్ల నిలవడాల్నా?" వాడి ముఖంలో లాలూ కనిపించాడు. ఆ ప్రశ్నకు నా దగ్గర మాట లేదు. యుద్ధం చెడ్డదని ఆ పిల్లాడికి పాఠం చెప్పే హక్కు నాకు ఉందనిపించలేదు. కథ మాత్రం చెప్పొచ్చు అనుకున్నాను. కెమెరిక్ బూట్ల కథ చెప్పాను. ముల్లర్ దాకా నవ్వుతూ విన్నారు. పాల్ దగ్గరికి వచ్చేసరికి ఒట్టికాళ్లవాడు తన కాళ్ల వంక చూసుకున్నాడు.

"మరి ఆఖర్ల గా బూట్లు ఎవలు తొడిగిండ్రన్నా?"

పుస్తకం అది చెప్పదని అన్నాను. వాడు కాసేపు ఆలోచించాడు. ఇంతలో మొదటివాడు బూట్లు విప్పి ముందుకు జరిపాడు. లోపల ఇంకా వెచ్చగా ఉన్నాయి కాబోలు, వాడు కాలు పెట్టి ఒక్క క్షణం ఆగాడు. లేసులు బిగించి లేచాడు. బూట్లు ఇచ్చినవాడు ఒట్టికాళ్లతో గుంత అంచున నిలబడి, ఫోన్ చేతిలోకి తీసుకుని, ఒకటి రెండు మూడు అని లెక్క మొదలుపెట్టాడు.